డాక్టరుగారూ... మరో దారి ఉందా?

మందు మంచిదే. రాసిన డాక్టరూ మంచివారే. అయినా జబ్బు లొంగదు. కారణం వెతికితే చాలాసార్లు లోపం మందులో కనపడదు, అది ఒంట్లోకి వెళ్లే దారిలో కనపడుతుంది. మింగలేని మాత్రకి బదులు ద్రవం, టానిక్కుకి బదులు ఇన్‌హేలర్‌, రోజూ వేసుకునే బిళ్లకి బదులు వారానికోసారి వేసుకునేది... దారులు చాలానే ఉన్నాయి. అడిగినవాళ్లకే అవి తెలుస్తాయి.

ఆ ఇంట్లో నాయనమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. బీపీ మాత్ర గొంతు దిగడంలేదు. నెలరోజులుగా సగం మాత్రలు దిండు కిందే ఉండిపోతున్నాయన్న సంగతి, పక్కబట్టలు దులుపుతుంటే కోడలి కంటపడింది. ‘ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా’ అంటూ ఆ రోజు నుంచీ మాత్రని చిన్నరోట్లో నూరి, తేనెలో రంగరించి ఇవ్వడం మొదలుపెట్టింది. మూడోరోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్తూ పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయింది.

మరో ఇంట్లో ఆరేళ్ల బాబుకి ఆయాసం. డాక్టర్‌ ఇన్‌హేలర్‌ రాశారు. ‘ఇప్పట్నుంచే దానికి అలవాటుపడితే జీవితాంతం వదలదట’ అంది అమ్మమ్మ. అంతే, ఇన్‌హేలర్‌ బీరువాలోకీ టానిక్కు సీసా బల్లమీదికీ చేరాయి. చలికాలం వచ్చేసరికి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగులు తప్పలేదు.

ఇంకోచోట ఇంటిపెద్దకి రెండ్రోజులుగా విరేచనాలు. నీరసం. వాంతులు లేవు, మంచినీళ్లు తాగగలుగుతున్నాడు. అయినా ‘సెలైన్‌ ఎక్కిస్తే తప్ప లేవలేను’ అంటూ పట్టుబట్టి ఎక్కించుకున్నాడు. ఒకపూట కూలీ పోయింది, జేబులోని డబ్బూ పోయింది.

మూడిళ్లలోనూ మందులకి కొదవలేదు. లేనిదల్లా డాక్టర్‌ ముందు కూర్చుని అడగాల్సిన ఒక్క ప్రశ్న: ‘ఈ మందు వేసుకోవడానికి ఇదొక్కటే దారా, ఇంకోటి ఉందా?’

దారిని బట్టే పని
మాత్ర మింగగానే అది నేరుగా నొప్పి ఉన్నచోటికి వెళ్లిపోదు. పొట్టలో కరగాలి. పేగుల్లోంచి రక్తంలోకి చేరాలి. ఆ రక్తం ముందు కాలేయంలోకి వెళ్తుంది. అక్కడ కొంత మందు విరిగిపోతుంది. మిగిలిందే ఒళ్లంతా తిరుగుతుంది. కొన్ని మందులకి ఈ ప్రయాణం ఇబ్బందేం కాదు. కొన్నిటికి మాత్రం ప్రాణగండం.

ఇన్సులిన్‌నే తీసుకోండి. అదో ప్రొటీన్‌. మింగితే పప్పన్నం అరిగినట్టే అరిగిపోతుంది. అందుకే 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇచ్చినప్పుడూ సూదితోనే ఇచ్చారు, ఇన్నేళ్ల తర్వాతా ఎక్కువమంది సూదితోనే తీసుకుంటున్నారు. కాకపోతే సూది మారింది. అప్పట్లో గాజు సిరంజీలూ వాటిని మరగబెట్టుకోవడాలూ ఉండేవి. ఇప్పుడు పెన్నులొచ్చాయి, వాటికి 4 మిల్లీమీటర్ల పొట్టి సూదులున్నాయి. ‘సూది భయం’తో ఇన్సులిన్‌ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నవాళ్లు ఓసారి ఆ సూదిని చూపించమని అడిగితే చాలు, సగం భయం పోతుంది.

గుండెనొప్పి మాత్ర సంగతి వేరు. ఐసోసార్బైడ్‌, నైట్రోగ్లిజరిన్‌ లాంటివాటిని మింగితే కాలేయం చాలావరకూ మింగేస్తుంది. నాలుక కింద పెట్టుకుంటే అక్కడి సన్నటి రక్తనాళాల్లోంచి నేరుగా రక్తంలో కలిసిపోయి నిమిషాల్లో పనిచేస్తుంది. కాకపోతే బీపీ కూడా చటుక్కున పడిపోవచ్చు. కాబట్టి కూర్చునే పెట్టుకోవాలి. పక్కింటాయన చెప్పాడని కాకుండా, డాక్టర్‌ మీకు రాసిచ్చినప్పుడే దాన్ని జేబులో ఉంచుకోవాలి.

ఇలా ప్రతి మందు వెనకా ‘ఈ దారే ఎందుకు’ అన్నదానికి ఓ కారణం ఉంటుంది. ఆ కారణం తెలిస్తే మనంతట మనం దారి మార్చం. మార్చాల్సి వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

నూరితే ముప్పే!
మొదట చెప్పుకున్న నాయనమ్మ విషయంలో జరిగిందేమిటి? ఆమె వేసుకునేది రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారుచేసిన మాత్ర. దాన్ని నూరడంతో 24 గంటల్లో ఒంట్లోకి చేరాల్సిన మందు ఒక్కసారే చేరింది. బీపీ ఒక్కసారిగా పడిపోయింది. కోడలు చేసింది ప్రేమతోనే. కానీ మాత్రకి ఆ సంగతి తెలియదుగా!

మందు పేరు చివర ఎస్‌ఆర్‌, ఈఆర్‌, ఎక్స్‌ఆర్‌, సీఆర్‌, రిటార్డ్‌... ఇలాంటి తోకేదైనా ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర అని గుర్తు. బీపీ, మధుమేహం, ఫిట్స్‌, నొప్పి మందుల్లో ఇవి ఎక్కువ. వీటిని నూరకూడదు, నమలకూడదు. మరికొన్నిటికి పైన ప్రత్యేకమైన పూత ఉంటుంది. పొట్టలోని ఆమ్లం మందుని పాడుచేయకుండానో, మందు పొట్టని పాడుచేయకుండానో వేసిన పూత అది. గ్యాస్‌కి వాడే పాంటొప్రజోల్‌ అలాంటిదే. నూరితే పూత పోతుంది, పనీ పోతుంది.

ఇంకో చిత్రం. నెమ్మదిగా కరిగే కొన్ని మెట్‌ఫార్మిన్‌ మాత్రల్లో మందంతా బయటికి వచ్చేశాక పైడొల్ల విరేచనంలో కనిపిస్తుంది. అది చూసి ‘మాత్ర అరగనే లేదు’ అనుకుని ఇంకోటి వేసుకునేవాళ్లున్నారు. కంగారు పడక్కర్లేదు. వెళ్లింది డొల్లే, మందు లోపలే ఉంది.

మరి మింగలేనివాళ్లు ఏం చేయాలి? అదే మందు చిన్న మాత్రగానో, నీళ్లలో కరిగేదిగానో, సిరప్‌గానో దొరుకుతుందేమో అడగాలి. రోజుకొక్కసారి వేసుకునే పెద్దమాత్రకి బదులు రెండుపూటలా వేసుకునే చిన్నమాత్రలు ఉండొచ్చు. అలా లేకపోతే అదే పనిచేసే వేరే మందు ఉండొచ్చు. పక్షవాతం వచ్చి ముక్కుగొట్టం ద్వారా ఆహారం తీసుకునేవాళ్ల విషయంలో అయితే ఈ ప్రశ్న తప్పనిసరి. ఏ మాత్రని నూరి గొట్టంలో వేయొచ్చో, దేన్ని వేయకూడదో ఒక్కొక్కటీ అడిగి రాయించుకోవాలి.

మింగడంలో జబ్బేమీ లేదు, గొంతు దిగదన్న భయమే అడ్డం అనుకునేవాళ్లకి ఓ చిట్కా. 2014లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి చూసిన పద్ధతి ఇది. క్యాప్సూల్‌ నీళ్లమీద తేలుతుంది. కాబట్టి తల వెనక్కి వాల్చితే అది నోటి ముందుభాగానికే వస్తుంది. అలాకాకుండా నీళ్లు నోట్లో పోసుకుని, గడ్డం ఛాతీవైపు వంచి మింగితే సులువుగా దిగిపోతుంది. మనం పుట్టినప్పట్నుంచీ చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం!

సూదికున్న పేరు
‘ఆయన చెయ్యి మంచిది. ఒక్క సూది వేశాడంటే జ్వరం పరార్‌’... ఊళ్లలో డాక్టర్‌ గొప్పతనానికి ఇదే కొలమానం. సూది వేయకుండా మాత్రలు రాసి పంపిస్తే ఫీజు దండగ అయినట్టు మొహం పెట్టేవాళ్లు బస్తీల్లోనూ ఉన్నారు. మనం అడుగుతున్నాం కాబట్టి వేసేవాళ్లూ వేస్తున్నారు.

ఈ ముచ్చటకి ప్రపంచం చెల్లించిన మూల్యం చిన్నదేం కాదు. శుభ్రంలేని సూదుల వల్ల ఒక్క 2000 సంవత్సరంలోనే 2.1 కోట్ల మందికి హెపటైటిస్‌-బి, 20 లక్షల మందికి హెపటైటిస్‌-సి, 2.6 లక్షల మందికి హెచ్‌ఐవీ సోకి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఒకసారి వాడి పారేసే సిరంజీలు వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. అయినా మాత్రతో పోయేదానికి సూది ఎందుకన్న ప్రశ్న ప్రశ్నే.

సెలైన్‌దీ అదే కథ. 1971లో బంగ్లాదేశ్‌ యుద్ధ సమయంలో పశ్చిమబెంగాల్‌లోని బన్‌గావ్‌ శరణార్థి శిబిరాన్ని కలరా కమ్మేసింది. సెలైన్‌ సీసాలు అయిపోయాయి. డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా పోతున్న ఆ శిబిరంలో మరణాలు నలుగురిలోపుకి పడిపోయాయి. ఈరోజు మందులషాపులో దొరికే ఓఆర్‌ఎస్‌ పొట్లం అదే. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటేడు ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో గౌరవించింది.

తాగగలిగిన మనిషికి ఓఆర్‌ఎస్‌ చాలు. తాగిందంతా వాంతవుతున్నా, మనిషి మగతలోకి జారుతున్నా, మూత్రం ఆగిపోయినా అప్పుడు సెలైన్‌ ప్రాణాలు కాపాడుతుంది. ఏది ఎప్పుడన్నది డాక్టర్‌ తేలుస్తారు. ‘నోటితో తీసుకుంటే సరిపోతుందాండీ’ అని అడగడం మాత్రం మన చేతుల్లో పనే. బి-12 లోపానికి కూడా చాలామందికి ఎక్కువ మోతాదు మాత్ర సరిపోతుంది. ఐరన్‌ మాత్రలు పడనివాళ్లకి అవసరమైతే రక్తనాళంలోకి ఎక్కించే ఐరనూ ఉంది. అంటే దారి రెండువైపులా మార్చుకోవచ్చన్నమాట.

ముదిరిన క్షయనే చూడండి. మందులకి లొంగని టీబీ వస్తే ఒకప్పుడు నెలల తరబడి సూదులు. వాటితో కొందరికి వినికిడే పోయేది. ఇప్పుడు పూర్తిగా నోటితో వేసుకునే మందులొచ్చాయి. ఆరునెలల్లో ముగిసే నాలుగు మందుల చికిత్సకి మన కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో ఆమోదం తెలిపింది.

పీల్చుకుంటే కొంచెమే చాలు
ఇన్‌హేలర్‌ 1956లో వచ్చింది. ఇన్నేళ్లయినా మనకి దానిమీద అనుమానం పోలేదు. లెక్క చూద్దాం. ఆయాసానికి వాడే సాల్బుటమాల్‌ మాత్రలో ఉండేది 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో నలభయ్యో వంతు! ఊపిరితిత్తులకి కావలసిన మందు ఊపిరితిత్తులకే వెళ్తోంది కాబట్టి అంత తక్కువ సరిపోతుంది. మాత్రగానో టానిక్కుగానో తీసుకుంటే ఒళ్లంతా తిరగాలి కాబట్టి ఎక్కువ కావాలి. అందుకే గుండెదడ, చేతులు వణకడం ఎక్కువ.

‘మాకూ ఇన్‌హేలర్‌ ఇచ్చారు, పనిచేయలేదు’ అనేవాళ్లలో చాలామంది నొక్కే క్షణానికీ పీల్చే క్షణానికీ పొంతన కుదరక మందుని గొంతులోనే వదిలేస్తుంటారు. చిన్నపిల్లలకీ పెద్దవాళ్లకీ దీనికి విరుగుడు స్పేసర్‌. ఇన్‌హేలర్‌కి తగిలించే డొల్లగొట్టం అది. అందులోకి నొక్కి, తాపీగా పీల్చుకోవచ్చు. పసివాళ్లకి మాస్కు ఉన్నది దొరుకుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు మీ ఇన్‌హేలర్‌ తీసుకెళ్లి డాక్టర్‌ ముందే ఒకసారి వాడి చూపించండి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతారు. స్టెరాయిడ్‌ ఉన్న ఇన్‌హేలర్‌ అయితే వాడాక నోరు పుక్కిలించడం మర్చిపోకూడదు.

ముక్కు కూడా మంచి దారే. పిల్లలకి ఫిట్స్‌ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్లమధ్య చెంచా దూర్చడం, నీళ్లు పోయడం... ఇంకా చూస్తూనే ఉన్నాం. ఇవేవీ చేయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఫిట్స్‌ వస్తూపోతూ ఉండే పిల్లలున్న ఇంట్లో, ముక్కులో కొట్టే మిడజోలామ్‌ స్ప్రే ఉంచుకోవాలా, ఎన్ని నిమిషాలు దాటితే ఎన్నిసార్లు కొట్టాలి అన్నది డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోవాలి. ఆ క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు.

అంటిస్తే సరి
ఒంటికి అంటించే మందుపట్టీకి అమెరికాలో 1979లో తొలిసారి అనుమతి వచ్చింది. ప్రయాణంలో వాంతులు కాకుండా చెవి వెనక అంటించుకునేది అది. ఇప్పుడు మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలకి రివాస్టిగ్‌మిన్‌ పట్టీలున్నాయి. క్యాప్సూల్‌తో వచ్చే వికారం పట్టీతో తక్కువ. పైగా ‘వేసుకున్నానా లేదా’ అన్న అనుమానం ఉండదు, చూస్తే తెలిసిపోతుంది. క్యాన్సర్‌ నొప్పితో మాత్రలు మింగలేనివాళ్లకి మూడురోజులకోసారి మార్చే ఫెంటనిల్‌ పట్టీ పెద్ద ఊరట.

అలాగని అవి ఉత్తి ప్లాస్టర్లు కావు. కొత్తది అంటించేముందు పాతది తీయాలి. ఫెంటనిల్‌ పట్టీమీద వేడినీళ్ల కాపడం పెడితే మందు ఎక్కువగా లోపలికి వెళ్లి ఊపిరికే ముప్పు రావచ్చు. తీసేసిన పట్టీలో ఇంకా మందు ఉంటుంది. జిగురువైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా చూడాలి. ఎలా పారేయాలో కూడా అడగాలి.

రోజూనా, వారానికా, ఏడాదికా?
దారితో పాటు ఎన్నాళ్లకోసారి అన్నదీ మారుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లకి రాసే అలెండ్రొనేట్‌ మాత్ర వారానికోసారి. పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగాలి. కనీసం అరగంట పడుకోకూడదు. లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. నడుంనొప్పితో అంతసేపు కూర్చోలేని పెద్దావిడకి ఇది నరకమే. ఆ సంగతి చెబితే ఆరునెలలకోసారి వేసే సూదిమందో, ఏడాదికోసారి ఎక్కించే మందో కుదురుతుందేమో చూస్తారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లతో రోజూ మాత్ర మింగించలేక ఇల్లంతా అలసిపోతే, నెలకోసారి వేసే ఇంజెక్షన్ల గురించి అడగొచ్చు.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం ప్రపంచానికి ఇచ్చిన మందు మెథోట్రెక్సేట్‌. క్యాన్సర్‌కి పుట్టిన ఆ మందునే ఇప్పుడు కీళ్లవాతానికి కొద్దిమోతాదులో వాడుతున్నారు. అదీ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. అందుకే ‘ఏ రోజు’ అన్నది చీటీమీద పెద్దక్షరాలతో రాయించుకోవాలి. మాత్ర వేసుకున్నరోజు వికారంతో మంచం దిగలేకపోతే మందు మానేయక్కర్లేదు. చర్మం కింద వేసుకునే సూదిమందుగానూ అది దొరుకుతుంది. చాలామందికి అలా పడుతుంది.

మధుమేహానికి వాడే సెమగ్లూటైడ్‌ది ఇంకో తీరు. వారానికోసారి వేసుకునే సూది అది. దాన్నే మాత్రగా మార్చి 2022లో మన దేశంలోకి తెచ్చారు. కాకపోతే పరగడుపున, అరగ్లాసుకి మించని నీళ్లతో వేసుకుని అరగంట ఆగాకే కాఫీ అయినా టిఫిన్‌ అయినా. సూది తప్పింది కానీ నియమం వచ్చింది. కాఫీ చుక్క పడందే కళ్లు తెరవలేని వాళ్లకి ఏది సులువో వాళ్లే చెప్పాలి!

చిన్నారుల విషయంలో...
జ్వరం సిరప్‌లో పొరపాటు జరిగేది ఎక్కువగా ఇంట్లోనే. పారాసిటమాల్‌ చుక్కలమందులో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 250. రెండూ పసివాళ్ల మందులే కదాని సిరప్‌ కొలతలో చుక్కలమందు పోస్తే మోతాదు నాలుగురెట్లు దాటిపోవచ్చు. కాబట్టి షాపువాళ్లు ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చినప్పుడు ‘ఇది ఎన్ని మిల్లీలీటర్లు’ అని మళ్లీ అడగాలి. వంటింటి చెంచాలన్నీ ఒక్క కొలతవి కావు. సీసాతో వచ్చే మూతో, సూదిలేని సిరంజీయో వాడాలి.

ఏది పోసినా కక్కేసే పిల్లలకి మలద్వారంలో పెట్టే పారాసిటమాల్‌ మందూ ఉంటుంది. మనకి మొహమాటమే గానీ పనిలో తక్కువేం కాదు. దాన్ని ఎప్పుడు వాడాలో, సిరప్‌తో కలిపి ఎంతకి మించకూడదో డాక్టర్‌ చెబుతారు.

అడగండి ఇలా...
ఓపీలో మన వంతు వచ్చేసరికి బయట ఇంకా ముప్ఫైమంది ఉంటారు. డాక్టర్‌ని చూడగానే అనుకున్నవన్నీ మర్చిపోతాం. అందుకే ఇంట్లోనే చీటీ రాసుకోండి. వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా ఓ కవర్లో వేసుకెళ్లండి. ‘ఈ మందు వద్దు’ అనే బదులు ‘ఈ మందుతో నాకు ఫలానా ఇబ్బంది’ అని చెప్పండి. ఆ ఒక్కమాట తేడాతో డాక్టర్‌ మీవైపు నిలబడి ఆలోచిస్తారు.

* ఇది మింగలేకపోతున్నాను. ద్రవంగానో చిన్నమాత్రగానో దొరుకుతుందా?
* దీన్ని విరవొచ్చా, నూరొచ్చా, క్యాప్సూల్‌ విప్పి కలపొచ్చా?
* అన్నానికి ముందా, తర్వాతా? కాఫీ, పాలు ఎంతసేపు ఆగి తాగాలి?
* ఇంజెక్షన్‌ తప్పనిసరా? మాత్రతో సరిపోతుందా?
* రోజుకి మూడుసార్లు కుదరడంలేదు. ఒక్కసారి వేసుకునేది ఉందా?
* ఒకపూట మర్చిపోతే ఏం చేయాలి?
* దారి మారిస్తే ఖర్చు ఎంత పెరుగుతుంది? నెలనెలా భరించగలనా?

చివరి ప్రశ్న అడగడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. కానీ కొనలేక మధ్యలో ఆపేసే ఖరీదైన మందుకన్నా, విడవకుండా వేసుకునే చవకమందే మేలు. ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలంటే మనమే చెప్పాలి.

అన్నిసార్లూ మరో దారి ఉండకపోవచ్చు. ‘లేదమ్మా, దీన్ని ఇలాగే వేసుకోవాలి’ అనే జవాబూ రావచ్చు. అప్పుడు కూడా నష్టమేం లేదు. ఎందుకలా వేసుకోవాలో తెలిసి వేసుకుంటాం. దిండు కింద దాచుకోం.

ఆ నాయనమ్మ సంగతంటారా... రెండ్రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఈసారి కోడలు మందుల కవరుతో సహా లోపలికెళ్లి అంతా చెప్పింది. డాక్టర్‌ ఆ మాత్ర తీసేసి, గోరంత ఉండే వేరే మాత్ర రాశారు. పట్టిన సమయం రెండు నిమిషాలు. నెలరోజుల కిందటే ఎవరో ఒకరు అడిగి ఉంటే పట్టేదీ అంతే!